ఈశాన్యం మూల మైదానం

దోహాలో మా తెలుగువాళ్ళు నాకు శాలువా కప్పిన సంగతి చాలామందికి తెలుసు. ఆ ఫోటో ఇప్పటికీ ఎవరో ఒకరి ఫోన్లోంచి నాకే తిరిగి వస్తూ ఉంటుంది. "ఎక్కడో సముద్రంలో అగ్నిపర్వతం కింద ఉన్న ఊరిని ఇక్కడ కూర్చుని కాపాడిన మనవాడు" అని కింద రాసి ఉంటుంది. స్టేజి మీద మైకు పట్టుకున్నాయన కూడా అదే మాట అన్నాడు. నేను మెడ వంచి శాలువా కప్పించుకున్నాను.

ఆ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను ఏ ఊరినీ కాపాడలేదు. ఆ ఊళ్ళో జనమంతా లావా వచ్చే దారిలో ఒకచోట చేరి నిలబడేట్టు ప్లాను గీసింది నేను. లావా ఇంకా రాలేదు. అంతే.

దోహా నడిబొడ్డున ముషైరిబ్‌లో ఒక కన్సల్టెన్సీలో ప్లానర్‌ని. కొత్త కాలనీ కడుతుంటే రోడ్లు ఎటు పోవాలి, బడి ఎక్కడ రావాలి, ఏదైనా ప్రమాదం వస్తే జనం ఎటు నడవాలి అన్నది గీయడం నా పని. ఇక్కడి కాలనీలు చాలానే గీశాను. ఇక్కడ నేల చాప పరిచినట్టు ఉంటుంది. ఎప్పుడో వాన పడి అండర్‌పాసులో నీళ్ళు నిలిచినప్పుడు తప్ప పల్లం అనే మాటే గుర్తుకు రాదు. ప్రతి బిల్డింగు ముందూ కార్లు ఆపేచోట ఒక ఆకుపచ్చ బోర్డు ఉంటుంది, అసెంబ్లీ పాయింట్ అని. అలారం మోగితే అందరూ వచ్చి దాని కింద నిలబడాలి. అంతకు మించి ఆలోచించాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు.

శుక్రవారాలు ఇంకో పని ఉండేది. గుంటూరులోనో, విజయవాడలోనో, హైదరాబాద్ శివార్లలోనో స్థలం కొనుక్కున్న స్నేహితులు కొలతలు పట్టుకుని మెసైమీర్‌లో మా ఫ్లాటుకు వచ్చేవాళ్ళు. వాస్తు ప్రకారం ఇల్లు గీసిపెట్టేవాణ్ణి. నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలి. ఈశాన్యం పల్లంగా, ఖాళీగా ఉండాలి, వీలైతే అక్కడ నీళ్ళుండాలి. ఇవన్నీ నమ్ముతావా అని ఎవరైనా అడిగితే నవ్వేవాణ్ణి. నేను నమ్మినా నమ్మకపోయినా నా చెయ్యి నమ్మింది.

ఆ రోజుల్లోనే ఆ ద్వీపం పని మా ఆఫీసుకు వచ్చింది. పేరెందుకు, సముద్రం మధ్యలో ఒక కొండ, కొండ నెత్తిన పొగ. రేవు పక్కన ఇరుకు ఇళ్ళలో ఉంటున్న జనానికి కొండ వాలు మీద కొత్త కాలనీ కట్టిస్తున్నారు. భూకంపానికీ లావాకూ తట్టుకునేట్టు ప్లాను కావాలి. స్క్రీన్ మీద స్థలం తెరిచాను. నైరుతిలో కొండ. ఈశాన్యంలో సముద్రం. నేల మొత్తం అటునుంచి ఇటు వాలి, ఈశాన్యం మూల మెత్తగా పల్లం దిగింది. ఇంతకన్నా మంచి స్థలం నా జన్మలో చూడలేదు. బడి ఇక్కడ, ఇళ్ళు ఇక్కడ, ఆ పల్లంలో ఆటల మైదానం, నేల ఊగితే అందరూ చేరాల్సిన చోటూ అదే. ఒక్క గీత చెరపకుండా పూర్తిచేశాను. మా డైరెక్టర్ చూసి "మాషాల్లా, ఎంత శుభ్రంగా ఉందో" అన్నాడు.

మా బావమరిది అప్పుడు ఆ ద్వీపంలోనే ఉన్నాడు. వాడు నేలను, రాళ్ళను చదువుకున్నవాడు. మా కంపెనీలో వాణ్ణి చేర్పించింది నేనే. ఆ సంగతి నేనూ మర్చిపోలేదు, వాణ్ణీ మర్చిపోనిచ్చేవాణ్ణి కాదు. కొండ చుట్టూ తిరిగి, తవ్వి, చూసి, ముఖమంతా నల్లబడి వచ్చాడు. వచ్చిన శుక్రవారం మా ఇంట్లో భోజనం.

"బావా, ఆ గ్రౌండ్ అక్కణ్ణుంచి తీసెయ్యాలి" అన్నాడు కూర్చోగానే.

"ముందు తినరా."

"తింటూనే చెబుతున్నా. అది గ్రౌండ్ కాదు, కాలవ. పాత లావా పోయిన దారి. మోకాలి లోతు తవ్వితే నల్లరాయి తాడు పేనినట్టు మడతలు మడతలుగా ఉంది."

"ఎప్పటి లావా?"

"ఎప్పటిదైతే ఏంటి? నీళ్ళైనా నిప్పైనా పల్లానికే పోతుంది. నీ వాస్తు చూసి పక్కకు తప్పుకుంటుందా?"

మా ఆవిడ వాడికి పులుసు వడ్డిస్తోంది. వాడు అన్నాన్ని కొండలా పేర్చి, నెత్తిన గుంట చేసి, "పొయ్యక్కా, ఇంకా పొయ్యి" అన్నాడు. గుంట నిండింది, ఒక పక్క అన్నం తెగింది, పులుసు కంచం అంచుకు జారింది. ఆ అంచు దగ్గర నాలుగు వేయించిన పల్లీలు పెట్టాడు.

"వీళ్ళు మీ ఆయన కాలనీవాళ్ళు."

"ఒరేయ్, తినేదాంతో ఆటలేంట్రా" అంది మా ఆవిడ. కానీ నవ్వింది. వాడి వైపు చూసి నవ్వింది. అది నాకు గుచ్చుకుంది. ఇంత చిన్న విషయం రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఆ తర్వాత జరిగినదంతా ఆ గుచ్చుకోవడం నుంచే మొదలైంది.

వాడు ఊరుకోలేదు. నేల ఊగితే ఇంట్లోంచి బయటపడి ఖాళీ జాగాలోకి రావడం సరైనదే అన్నాడు. కానీ ఆ కొండ దగ్గర నేల ఊగేది చాలాసార్లు లోపల లావా కదిలితేనే. ముందు ఊపు వస్తుంది, దాని వెనక లావా రావచ్చు. మనమేమో ఊపు రాగానే పిల్లా పాపా అందర్నీ తెచ్చి ఆ దారిలోనే నిలబెడుతున్నాం. కొండ వదిలే విషపు గాలి మామూలు గాలికన్నా బరువు, అదీ దిగి పల్లంలోనే కూర్చుంటుంది.

"మరేం చెయ్యమంటావ్?"

"ఊపు ఆగగానే వాలుకు అడ్డంగా నడిచి పక్క గట్టు ఎక్కాలి. బడి వెనకనుంచి ఒక కాలిదారి వెయ్యి, బోర్డు ఆ గట్టు మీద పెట్టు. చాలు బావా, ఇంకేమీ వద్దు."

చూద్దాంలే అన్నాను. చూడలేదు.

తర్వాత మీటింగులో వాడు ఈ మాటే డైరెక్టర్ ముందు ఎత్తాడు. డైరెక్టర్ నా వైపు చూశాడు. ఆయనకు నిజంగా ఏదైనా ఒకటే. మార్చాలి అని నేనంటే మార్చేవాడు. నేనన్నాను, "ఊపుకు ఒక చోటు, లావాకు ఒక చోటు అంటే జనం తికమకపడతారు. ఒకే చోటు, ఒకే బోర్డు ఉండాలి." నిదానంగా, పెద్దమనిషిలా అన్నాను. "ఖలాస్, అయిపోయింది, ఒకే బోర్డు" అన్నాడు డైరెక్టర్. ఇంటికొచ్చి మా ఆవిడతో "డైరెక్టర్ ఒప్పుకోలేదు" అని చెప్పాను. అది అబద్ధం. నా మనసు శాంతించడానికి రిపోర్టులో చివర ఒక వాక్యం కలిపాను, గట్టు మీదికి దారిని మలిదశలో పరిశీలించవచ్చు అని. మలిదశ అనేది ఏ పనిలోనూ రాదని ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

మీటింగు గదిలోంచి బయటికి వస్తూ మా వాడు అన్నాడు, "బావా, ఊళ్ళో నేనెప్పుడైనా ఇల్లు కడితే ప్లాను నువ్వు గీయకు. టెంటు వేసుకుని బతుకుతా."

కొన్నాళ్ళకు రాజీనామా చేసి ఉత్తరాన అల్ రువైస్ రేవులో ఏదో పని చూసుకుని పోయాడు. మా అత్తగారు ఫోన్ చేసి "అంత మంచి ఉద్యోగం ఎందుకు మానేశాడు బాబూ" అని అడిగితే, "కుర్రాడికి నిలకడ లేదండీ" అన్నాను. ఆ మాట మా బంధువుల్లో అందరికీ పాకింది. వాడి పెళ్ళిచూపుల దాకా పోయింది. దాన్ని కూడా ఇక్కడే వెనక్కి తీసుకుంటున్నాను. వాడికి నిలకడ ఉంది. అందుకే మానేశాడు.

కాలనీ పూర్తయింది, జనం దిగారు, బోర్డు పెట్టారు. అప్పుడొకసారి దోహా ఊగింది. సముద్రం అవతల ఎక్కడో పెద్ద భూకంపం వస్తే ఇక్కడి పెద్ద బిల్డింగులు కాస్త ఊగుతాయి, కొత్తేమీ కాదు. ఆఫీసులో సీలింగు దీపాలు ఊయలలా కదిలాయి. నా కప్పులో టీ అటూ ఇటూ పోయింది. అందరం మెట్లు దిగి పరుగెత్తాం. ఎండ నిప్పులు చెరుగుతోంది. కాస్త అవతల ఒక బిల్డింగు నీడ ఉంది. ఒక్కరూ నీడలోకి పోలేదు. ఆకుపచ్చ బోర్డు కింద, ఎండలో, భుజాలు రాసుకుంటూ నిలబడ్డాం. పెద్ద చదువులవాళ్ళం, జనం ఎటు నడవాలో గీసేవాళ్ళం, ఎందుకు ఇక్కడే అని ఎవరమూ అడగలేదు. కొంచెం బయటకు నిలబడ్డవాణ్ణి సెక్యూరిటీవాడు "యల్లా యల్లా" అని లోపలికి జరిపితే వాడు క్షమాపణ చెప్పి మరీ జరిగాడు.

కాళ్ళ కింద నేల ఊగినవాడు ఆలోచించడు, బోర్డు ఎక్కడుంటే అక్కడికి పోతాడు. నేను చదివి తెలుసుకోవాల్సినది నా కాళ్ళు చెప్పాయి. ఆ మధ్యాహ్నమే డైరెక్టర్ దగ్గరకు పోయి, ఆ ద్వీపంలో గట్టు దారి సంగతి మళ్ళీ చూద్దామా అన్నాను.

"అది అయిపోయిన పని కదా హబీబీ. ఇప్పుడు తప్పని మనమే చెబితే, ఎవరి తప్పని అడుగుతారు. నీ పేరే ఉంది దాని మీద."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వి వచ్చి నా సీట్లో కూర్చున్నాను. ఇంకోసారి అడగలేదు.

తర్వాత ద్వీపంలో నేల ఊగింది. గట్టిగానే ఊగింది, కొన్ని గోడలు బీటలు వారాయి. జనం నేర్పినట్టే చేశారు. తోపులాట లేకుండా, ముసలివాళ్ళను మోసుకుని, బడి పిల్లలు వరసగా చేతులు పట్టుకుని మైదానంలోకి వచ్చి కూర్చున్నారు. లావా రాలేదు. సాయంత్రానికి ఇళ్ళకు పోయారు. ఎవరో పైనుంచి తీసిన ఫోటో మా ఆఫీసుకు వచ్చింది. పల్లం నిండా రంగురంగుల బట్టల్లో జనం, ముందు పిల్లలు, వెనక పొగ కక్కుతున్న కొండ. దాన్ని పెద్దది చేసి రిసెప్షన్లో గోడకు తగిలించారు. పొద్దున్నే లోపలికి వస్తుంటే అందరూ ఆగి చూసేవాళ్ళు. నేను ఫోన్ చూసుకుంటూ దాటిపోయేవాణ్ణి.

ఆ ఫోటోను బట్టే శాలువా. హాలు నిండా మనవాళ్ళు, పిల్లల డాన్సులు, పులిహోర. మా ఆవిడ ముందు వరసలో కూర్చుంది. వాళ్ళ తమ్ముణ్ణి తనే పట్టుబట్టి అల్ రువైస్ నుంచి రప్పించింది. సన్మానం అయ్యాక ప్లేటు పట్టుకుని వరసలో నిలబడ్డప్పుడు వాడు నా పక్కకొచ్చాడు.

"కంగ్రాట్స్ బావా. పల్లీలన్నీ కంచం అంచుకు చేరాయి" అన్నాడు.

ఇంటికి పోతుంటే కార్లో మా ఆవిడ అడిగింది. "వాడేమన్నాడండీ మీతో?"

"ఏదో జోకు."

"వాడు నవ్వలేదే."

మెసైమీర్ మలుపు తిప్పాను. అప్పుడు తను అంది, "ఆ రోజు వాడు మన ఇంట్లో పులుసు పోయించుకుని చూపించింది ఆ మైదానమేనా? ఇప్పుడు అందరూ కూర్చున్నది దాంట్లోనేనా?"

అవునన్నాను. డైరెక్టర్ ఒప్పుకోలేదన్న మాట కూడా అబద్ధమని చెప్పేశాను. కారు ఆపాక తను వెంటనే దిగలేదు.

"మరి శాలువా కప్పుతుంటే నా వైపు చూసి నవ్వారేంటండీ?"



తర్వాతి శుక్రవారం అల్ రువైస్ పోయాను. రేవు దగ్గర చేపల పడవల పక్కన వాడు టోపీ పెట్టుకుని ఎవరితోనో హిందీలో బేరమాడుతున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఇప్పుడు ఆ కాలనీ బడి నడుపుతున్న హెడ్‌మిస్ట్రెస్ వాడికి బాగా తెలుసు. ద్వీపంలో ఉన్నన్నాళ్ళూ ఆవిడింట్లోనే తిన్నాడు. ఆవిడ నంబరు కావాలన్నాను.

"ఎందుకు? వాళ్ళూ ఒక శాలువా కప్పుతారనా?"

"తిట్టరా. తిట్టడం అయ్యాక నంబరివ్వు."

"తిడితే నీకు తేలికవుతుంది. తిట్టను" అన్నాడు. అని, తనే ఫోన్ తీసి కలిపి నా చేతిలో పెట్టాడు.

ఆవిడ ఇంగ్లీషు నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడుతుంది. నేనెవరో చెప్పగానే సంబరపడిపోయింది. "మీరేనా! మా పిల్లలు ప్రార్థనలో మిమ్మల్ని తలుచుకుంటారు" అంది. నేను జరిగిందంతా చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ వెనక కోళ్ళు అరుస్తున్నాయి. పిల్లలెవరో ఎక్కాలు అప్పజెబుతున్నారు.

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది చివరికి.

"బోర్డు పెట్టకముందే చెప్పారు మేడమ్."

"నేను నా పిల్లలకు కళ్ళు మూసుకుని కూడా ఆ మైదానానికి చేరడం నేర్పాను." ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బావుండేది. "ఇప్పుడు నేను వద్దంటే మా వాళ్ళు వినరు. అది ఇంజనీర్లు పెట్టిన బోర్డు. పెట్టినవాళ్ళే వచ్చి చెప్పండి."

ఆవిడే బడిలో జనాన్ని పోగుచేసింది. ఇక్కడ మా వాడి గదిలో ల్యాప్‌టాప్‌లో వీడియో కాల్ పెట్టుకుని మేమిద్దరం కూర్చున్నాం. నేను నాలుగు ముక్కల్లో చెప్పాను. అది సురక్షితమైన చోటు కాదు, తప్పు నాది, ఊపు ఆగగానే గట్టెక్కండి అని. ఆవిడ వాళ్ళ భాషలోకి మార్చి చెబుతోంది. ముందు బెంచీలో ఒకామె చంటిపిల్లను ఎత్తుకుని లేచి నిలబడింది.

"మరి అక్కడెందుకు పెట్టారు?"

అబద్ధాలు చాలానే తట్టాయి. "మా దేశంలో ఇల్లు కట్టేటప్పుడు ఆ దిక్కున పల్లంగా, ఖాళీగా వదులుతారు. అలవాటుగా గీశాను" అన్నాను. హెడ్‌మిస్ట్రెస్ నన్ను ఇంకోసారి చెప్పమంది, తను సరిగా విన్నదో లేదో అని. చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

వెనకనుంచి ఒక ముసలాయన అడిగాడు. "మొన్న ఊగినప్పుడు అందరం అక్కడే కూర్చున్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. అప్పుడు మంచిదైన చోటు ఇప్పుడు చెడ్డదెలా అయింది?"

మా బావమరిది ముందుకు జరిగి, గట్టు ఎక్కడుందో, బడి వెనక ముళ్ళకంప కొట్టేస్తే దారి ఎలా దొరుకుతుందో ఓపికగా చెప్పాడు. వాడి మాట కొందరు విన్నారు. మైదానం పక్కన ఇల్లు దొరకడమే అదృష్టమనుకుని అక్కడ అంగళ్ళు పెట్టుకున్నవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఆ చోటుకు ఆ విలువ తెచ్చింది నా బోర్డే.

కంపెనీకి సంగతి తెలిసింది. ఆమోదం పొందిన ప్లానే అమల్లో ఉందని, ఒక ఉద్యోగి సొంత అభిప్రాయాలతో తమకు సంబంధం లేదని ద్వీపానికి రాసి పంపారు. దాన్ని బోర్డు కిందే అంటించారట. నా ఉద్యోగం పోలేదు. పార్కింగ్ లెక్కలు చూసే విభాగంలో వేశారు. ఇంకో ఊరికి ప్లాను గీసే పని నాకెవరూ ఇవ్వరు, ఇవ్వకపోవడమే మంచిది.

ఈమధ్య ద్వీపంలో మళ్ళీ నేల ఊగింది, చిన్నదే. మర్నాడు హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసింది. ముళ్ళకంప కొట్టించి తనే దారి చేసిందట. పిల్లల్ని వరసగా గట్టు మీదికి తీసుకుపోయింది.

"మరి పెద్దవాళ్ళు?" అన్నాను.

"చాలామంది మైదానానికే పోయారు. బోర్డు అక్కడే ఉందిగా. కొంతమంది నా వెనక వచ్చారు. తల్లులు కిందనుంచి చేతులూపి పిల్లల్ని దిగిరమ్మని అరుస్తున్నారు. పిల్లలు పైనుంచి తల్లుల్ని రమ్మని ఏడుస్తున్నారు. ఒకడు నా చెయ్యి విడిపించుకుని పల్లంలోకి పరుగెత్తాడు. నేనింక వాణ్ణి ఆపలేకపోయాను."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"మీ మాట వినకముందు మేమందరం ఒకేచోట ఉండేవాళ్ళం" అంది. నిందించడానికి అన్నట్టు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పినట్టుంది. "ఈసారి పెద్దది వస్తే ఎవరు ఎటు పరుగెత్తుతారో నాకు తెలియదు. మీరు చదువుకున్నవారు. మీకేమైనా తెలుసా?"

తెలియదని చెప్పాను. పిల్లల్ని మాత్రం కిందికి దించొద్దని బతిమాలాను. ఆవిడ ఏ మాటా ఇవ్వలేదు. క్లాసుకు టైమైందని ఫోన్ పెట్టేసింది.